స్పానిష్ భాషకు మన ఇంటి నుండే దారి



ఈ మధ్య యౌవనస్థుల కూటములకు వెళ్లినప్పుడెల్లా మమ్మును ఒక ప్రశ్న అడుగుతున్నారు. "అయ్యగారూ, స్పానిష్ నేర్చుకుంటే హైదరాబాదుల మంచి కొలువు దొరుకుతదట. మేము తెలుగు మీడియంల చదివినోళ్లం. మాకు వస్తదా?" అని డిగ్రీ చదివే పిల్లలు అడుగుతారు. వెనుక కూర్చున్న తల్లిదండ్రులు, "ఇంగ్లీషే సక్కగ రాకపాయె, మళ్ల ఇంకోటా?" అని నవ్వుతారు. ఆ నవ్వులో భయం ఉంది. పరాయి భాషలు పట్నపు పిల్లలకే గాని, కరీంనగర్, ఆదిలాబాదు పల్లెలలో నాట్లు వేసే ఇండ్లకు, పత్తి ఏరే ఇండ్లకు కావన్న భయం అది.

మేము స్పానిష్ పండితులము కాము. తెలుగు బైబిలు ప్రక్కన స్పానిష్ బైబిలు పెట్టుకొని కొంతకాలంగా చదువుకొనుచున్న వారము మాత్రమే. ఆ కొద్దిపాటి అనుభవంతో చెప్పదలచినది ఒక్కటే. ఈ భాష మన పిల్లలు అనుకున్నంత దూరంలో లేదు. అయితే భాషను మాత్రమే తీసుకొని, దానిని మాట్లాడే ప్రజలను విడిచిపెడితే ఆ చదువు నిలువదు.

ఎవరి భాష?

స్పెయిన్ దేశం పేరు మనకు కొత్త కాదు. పౌలు రోమా సంఘానికి వ్రాస్తూ, తాను స్పెయినుకు వెళ్లగోరుచున్నట్లు తెలియజేశాడు (రోమా 15:24, 28). నేడు ఆ దేశపు భాష సముద్రం దాటి వ్యాపించింది. స్పెయిన్, మెక్సికో, క్యూబా, కొలంబియా, పెరూ, చిలీ, అర్జెంటీనా మొదలుకొని ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీ వరకు 20 దేశాలలో అది రాజభాషగానో వ్యవహార భాషగానో ఉంది. దానిని మాతృభాషగా మాట్లాడేవారు సుమారు 50 కోట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల పైచిలుకు.

ఇన్ని దేశాలున్నప్పుడు మాట ఒకేలా ఉండదు. మనము ఆలుగడ్డ అంటాము, కోస్తావారు బంగాళదుంప అంటారు. అలాగే స్పెయిన్ వారు 'పతాతా' అంటే, లాటిన్ అమెరికా వారు 'పాపా' అంటారు. ఏ ప్రాంతపు మాట తప్పు, ఏది ఒప్పు అని మొదట్లోనే తగవు పెట్టుకొనవద్దు. ఒకదానితో మొదలుపెట్టి రెండవదానిని గౌరవించితే చాలు.

నాలుకకు దగ్గర

ఇంగ్లీషు నేర్చుకొనే పిల్లవాడికి మొదటి కష్టం స్పెల్లింగు. వ్రాసేది ఒకటి, పలికేది ఒకటి. స్పానిష్‌లో ఆ కష్టం చాలా తక్కువ. తెలుగువలె అది చాలావరకు వ్రాసినట్లే పలికే భాష. అచ్చులు అయిదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఏ మాటలోనైనా వాటి పలుకు మారదు.

హల్లులు కూడ మనకు చుట్టాలే. ఇంగ్లీషువారి 'టి', 'డి' మన నోట ట, డ అవుతాయి. స్పానిష్‌లో అవి మన త, ద. టమాటను వారు 'తొమాతె' అంటారు. 'ఎన్' అక్షరం మీద చిన్న వంకర గీత ఉంటే అది మన 'ఞ'. అక్షరమాలలో వల్లించి, ఆ తరువాత దాదాపు మరచిపోయిన ఆ అక్షరం ఇక్కడ అక్కరకు వస్తుంది. వారి భాష పేరే 'ఎస్పఞోల్'. మామూలు ర, గట్టి ఱ రెండూ వారికి ఉన్నాయి. 'పెరో' అంటే 'కాని', 'పెఱ్ఱో' అంటే 'కుక్క'. కాబట్టి ఇక్కడ నాలుక జాగ్రత్త.

గుర్తుంచుకొనవలసిన తేడాలు కొన్నే. 'హెచ్' అక్షరం పలుకదు గనుక వారి పలకరింపు 'ఓలా'. 'జె' అక్షరం గొంతులోనుండి వచ్చే 'హ' అవుతుంది. యోసేపు 'హొసే', యోహాను 'హువాన్' అయినది ఇందువల్లనే. 'వి', 'బి' రెండూ ఇంచుమించు 'బ' గానే వినబడతాయి. రెండు 'ఎల్'లు కలిసి వస్తే ఎక్కువచోట్ల 'య'. ఈ నాలుగు మాటలు ఒక కాగితం మీద వ్రాసి గోడకు అంటించుకుంటే వారం రోజుల్లో వస్తాయి.

మాట తీరుకు దగ్గర

మనము "వస్తాను" అంటే 'నేను' అనే మాట వేరుగా చెప్పనక్కరలేదు. క్రియ చివరనే మనిషి తెలుస్తాడు. స్పానిష్ కూడ అంతే. 'ఆబ్లో' అంటే మాట్లాడతాను. 'ఆబ్లాస్' అంటే మాట్లాడతావు. 'ఆబ్లామోస్' అంటే మాట్లాడతాము. 'ఆబ్లాన్' అంటే మాట్లాడతారు.

చనువుగా అంటే 'తూ', మర్యాదగా అంటే 'ఉస్తెద్'. ఇవి మన 'నువ్వు', 'మీరు'. ఇంగ్లీషులో లేని ఈ తేడా మన పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. పెద్దవారిని చూడగానే 'మీరు' అనే ఇంటిలో పెరిగినవాడు 'ఉస్తెద్' ఎక్కడ వాడాలో ఇట్టే పట్టుకుంటాడు.

ఇంకొకటి. "నాకు అన్నం ఇష్టం" అన్న మాటను వారు 'మె గుస్తా ఎల్ అర్రోస్' అంటారు. 'మె' అంటే 'నాకు'. తలనొప్పి కూడ 'నాకు' అనే మొదలవుతుంది: 'మె దుయెలె లా కబేసా'. ఇంగ్లీషు మీదుగా నేర్చుకొనేవారు ఇక్కడ తడబడతారు. తెలుగు మీదుగా వచ్చేవారికి ఇది ఇంటి దారి.

కష్టాలు లేవని చెప్పము. బల్లకు, పుస్తకానికి కూడ ఆడ, మగ భేదముంది. హిందీ చదివిన పిల్లలకు ఈ చిక్కు తెలుసు. 'ఉండు' అనే భావానికి 'సేర్', 'ఎస్తార్' అని రెండు క్రియలున్నాయి. దీనికి మాకు ఉపయోగపడిన గుర్తు చెబుతాము. "ఆమె టీచరు" అన్నప్పుడు తెలుగులో క్రియ అక్కరలేదు, అక్కడ 'సేర్'. "ఆమె ఇంట్లో ఉంది" అన్నప్పుడు 'ఉంది' కావాలి, అక్కడ 'ఎస్తార్'. ఇది అన్నిచోట్లా చెల్లదు గాని, తొలి మెట్టుకు చాలు. భూతకాలపు క్రియలు మాత్రం ఓపిక అడుగుతాయి.

ఇంట్లోనే ఉన్న చుట్టాలు

పోర్చుగీసువారు మన తీరాలకు వచ్చినప్పుడు వారి మాటలు కూడ ఓడ దిగి వచ్చాయి. పోర్చుగీసు, స్పానిష్ ఒకే లాటిన్ తల్లి బిడ్డలు గనుక ఆ మాటలకు స్పానిష్‌లో తోబుట్టువులున్నాయి. మన తువ్వాల వారి 'తొఆయా'. మన అలమార వారి 'అర్మారియో'. మన మేస్త్రి వారి 'మాఎస్త్రో'. అక్కడ ఆ మాటకు బడిపంతులు అనే అర్థం కూడ ఉంది. మనము 'పాదిరి' అనే మాట వారి నోట 'పాద్రె', అంటే తండ్రి. మనము నిత్యం వాడే 'పాస్టర్' అనే మాట అక్కడ 'పాస్తోర్'. సంఘకాపరినీ, గొర్రెలు కాసేవానినీ ఆ ఒక్క మాటతోనే పిలుస్తారు.

మన వైపు నుండి అక్కడికి పోయిన మాటలూ ఉన్నాయి. చక్కెరను వారు 'అసూకర్' అంటారు, నారింజను 'నరాన్హా' అంటారు. ఈ రెండూ మన దేశంలో పుట్టి, పారశీకుల, అరబ్బుల నోళ్ల మీదుగా స్పెయిన్ చేరినవి. క్రీ.శ. 711 నుండి 1492 వరకు స్పెయిన్‌లో ఏదో ఒక భాగం ముస్లిముల ఏలుబడిలో ఉండెను. అందుచేత అరబ్బీ మాటలు అందులో చాలా నిలిచిపోయాయి. మన ముస్లిము సోదరులు ఏదైనా ఆశిస్తూ "ఇన్షా అల్లా" అంటారు గదా. స్పానిష్ క్రైస్తవులు కూడ ఆశ తెలుపుతూ 'ఒహలా' అంటారు. "దేవుడు కోరితే" అనే అరబ్బీ మాట నుండే అది వచ్చింది.

గింజ వచ్చింది, విద్య రాలేదు

ఇప్పుడు చేను దగ్గరకు పోదాము. కరీంనగర్ మక్క చేలు, కూరలో మిరప, టమాట, ఆలుగడ్డ, పల్లికాయ, పెరటి జామ, బొప్పాయి, గుట్టల మీది సీతాఫలం - ఇవన్నీ అమెరికా ఖండపు పంటలే. ఆదిలాబాదులో నేడు పండే పత్తి కూడ చాలావరకు మెక్సికో ప్రాంతంలో పుట్టిన జాతిదే. 1492లో కొలంబస్ ప్రయాణం తరువాత స్పెయిన్, పోర్చుగీసు ఓడల మీద ఇవి లోకమంతా తిరిగాయి.

మక్క కథలో ఒక గట్టి పాఠముంది. మెక్సికోలో మక్కను మచ్చిక చేసిన ప్రజలు గింజను ఉత్తగా విసరి వండుకొనలేదు. సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, కడిగి, రుబ్బి, రొట్టెలు కాల్చారు. అదే 'తొర్తియ్యా', మన జొన్నరొట్టెకు చెల్లెలు వంటిది. సున్నం చేత గింజలో బిగుసుకొనియున్న ఒక విటమిను విడుదలై ఒంటికి పడుతుంది. స్పెయిన్‌వారు గింజను తీసుకొనిపోయారు గాని, ఆ తల్లులు సున్నం ఎందుకు కలుపుతారో అడుగలేదు. ఐరోపాలో మక్కే ప్రధాన ఆహారమైన పేదలకు పెల్లగ్రా అనే వ్యాధి వచ్చింది. చర్మం ఎర్రబారి గరుకెక్కడం, విరేచనాలు, చివరకు మతి చెదరడం దాని లక్షణాలు. స్పెయిన్‌లోనే గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 1735లో దానిని గుర్తించి వివరించాడు. అసలు కారణం, మందు తేలేసరికి 1937 వచ్చింది. రెండు వందల ఏండ్లు! జొన్ననే నమ్ముకున్న మన దక్కను పేదలలో కూడ, వేరొక కారణం చేత, ఈ వ్యాధి ఉండెను. దానిపై హైదరాబాదు పోషకాహార శాస్త్రజ్ఞులు 1960లో తమ పరిశోధన ప్రచురించారు.

గింజను తీసుకొని, గింజ పండించినవారి మాట వినకపోతే ఇంత నష్టం. భాష విషయంలోనూ అంతే. ఉద్యోగానికి కావలసిన నాలుగు వాక్యాలు తీసుకొని, ఆ ప్రజల ఇల్లు, వారి బాధ, వారి పండుగ మనకెందుకు అనుకుంటే, మాట వస్తుంది గాని మనిషి దగ్గరకు రాడు.

వారి ఇల్లు, వారి పండుగ

స్పానిష్ ప్రజలకు సాధారణంగా రెండు ఇంటిపేర్లుంటాయి: ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. నోబెల్ బహుమానం పొందిన కొలంబియా రచయిత గబ్రియేల్ గార్సియా మార్కెస్ పేరులో గార్సియా తండ్రి వైపుది, మార్కెస్ తల్లి వైపుది. స్పెయిన్‌లో పెండ్లయిన స్త్రీ తన పుట్టింటి పేరు మార్చుకొనదు. ఆడపిల్ల పుట్టింటి పేరు పెండ్లినాడే పోయే మన ఇండ్లలో ఇది ఆలోచించదగిన సంగతి.

మెక్సికోలో క్రిస్మస్‌కు ముందు, డిసెంబరు 16 నుండి 24 వరకు, తొమ్మిది రాత్రులు 'పొసాదాస్' జరుగుతాయి. మరియ, యోసేపులకు బస అడుగుతూ జనం పాడుకుంటూ ఇంటింటికి వెళతారు. లోపలివారు మొదట చోటు లేదని పాటతోనే బదులిచ్చి, చివరకు తలుపు తీసి అందరికీ భోజనం పెడతారు. చలిలో లాంతరు పట్టుకొని ఇంటింటికి తిరిగే మన క్రిస్మస్ పాటల బృందాలకు ఇది వేరే చెప్పనక్కరలేదు. బహుమానాలు మాత్రం చాలాచోట్ల జనవరి 6న, జ్ఞానుల పండుగ నాడు ఇస్తారు. ఎక్కువమంది కథోలికులు. ప్రొటెస్టెంటు సంఘాలలో మనము "బ్రదర్, సిస్టర్" అన్నట్లే 'ఎర్మానో', 'ఎర్మానా' అని పిలుచుకుంటారు.

ఈ చరిత్రలో కన్నీళ్లు కూడ ఉన్నాయి. 1521లో మెక్సికోలోని అజ్టెక్ రాజధాని స్పెయిన్ సైన్యం చేత కూలింది. కత్తి, సిలువ ఒకే ఓడలో వెళ్లాయి. స్థానిక ప్రజలపై జరిగిన క్రూరత్వాన్ని బర్తొలొమె దె లాస్ కాసాస్ అనే స్పెయిన్ సన్యాసియే 1552లో అచ్చువేసి లోకానికి తెలిపాడు. అంత జరిగినా అక్కడి భాషలు చావలేదు. పెరూలో కెచువా, మెక్సికోలో నహువాతల్ నేటికీ జీవిస్తున్నాయి. పరాగ్వే 1992 రాజ్యాంగంలో గ్వారానీ భాషకు స్పానిష్‌తో సమాన స్థానం ఇచ్చింది.

ఎలుగుబంటి బైబిలు

స్పానిష్ ప్రొటెస్టెంటు కుటుంబాలలో మీరు ఎక్కువగా చూచే బైబిలును 'రెయినా-వలేరా' అంటారు. అవి ఇద్దరు మనుష్యుల పేర్లు. కసియొదోరో దె రెయినా సెవిల్లా పట్టణం దగ్గరి మఠంలో సన్యాసి. ప్రజల భాషలో వాక్యం చదువుట నేరమైన ఆ దినములలో ఆయన 1557 ప్రాంతంలో దేశం విడిచి పారిపోయాడు. మనిషి దొరకనందున 1562లో సెవిల్లాలో ఆయన బొమ్మను దహనం చేశారు. ఆయన ఊరూరా తలదాచుకుంటూ అనువాదం సాగించి, 1569లో స్విట్జర్లాండులోని బాసెల్ పట్టణంలో సంపూర్ణ బైబిలు అచ్చువేయించాడు. ముఖపత్రం మీద తేనె కోసం లేచిన ఎలుగుబంటి బొమ్మ ఉన్నందున దానికి 'ఎలుగుబంటి బైబిలు' అని పేరు. సిప్రియానో దె వలేరా దానిని సవరించి 1602లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రచురించాడు. తరువాత వచ్చిన సవరణలలో 1960 నాటి ప్రతి బహుగా వాడుకలో ఉంది.

స్వంత భాషలో ఒక గ్రంథం చేతికి రావడానికి ఒక మనిషి ఏమి చెల్లించాడో తెలిసినప్పుడు, ఆ పేజీ తిప్పే చెయ్యి మెల్లగా తిప్పుతుంది.

అనంతపురంలో

స్పానిష్‌కూ తెలుగుకూ జరిగిన గొప్ప కలయిక మన రాష్ట్రాల్లోనే ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సెలోనాలో పుట్టాడు. 1952లో జెస్యూట్ మిషనరీగా మన దేశానికి వచ్చి మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో పనిచేశాడు. 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చినా, 1969లో తిరిగివచ్చి కరవు సీమ అనంతపురంలో స్థిరపడ్డాడు. ఆ తరువాత జెస్యూట్ సభను విడిచి, ఆన్ ఫెర్రర్‌ను వివాహమాడి, భార్యతో కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ద్వారా ఇండ్లు, బడులు, బావులు, ఆసుపత్రులు కట్టించాడు. 2009 జూన్ 19న అక్కడే కన్నుమూశాడు. ఆ పనికి స్పెయిన్‌లోని సామాన్య కుటుంబాలు ఎన్నో నెలనెలా చేయూతనిచ్చాయి. ఆ సంస్థ పేద గ్రామీణ పట్టభద్రుల కొరకు విదేశీ భాషల పాఠశాలను కూడ నెలకొల్పింది. అక్కడ స్పానిష్ కూడ నేర్పారు. కూలి ఇండ్ల బిడ్డలు అక్కడ చదివి కంపెనీలలో ఉద్యోగాలు పొందారు. మన పిల్లల ప్రశ్నకు ఇంతకంటె జవాబు ఏమి కావాలి?

ఎలా మొదలుపెట్టాలి?

మొదటి నెల చెవికి, నాలుకకు. రోజూ ఉదయం పావుగంట ఫోనులో స్పానిష్ మాటలు వినండి, వెంట పలకండి. మొదటి వారం మాత్రం మాటలను తెలుగు లిపిలో వ్రాసుకొని, తరువాత వారి లిపిలోకి మారండి. లేకపోతే తెలుగు అక్షరం ఊతకర్రగా మిగిలిపోతుంది. ఇంట్లోని వస్తువుల మీద చీటీలు అంటించండి: నీళ్లు 'ఆగ్వా', రొట్టె 'పాన్', తలుపు 'పువేర్తా', ఇల్లు 'కాసా'. ఒకటి నుండి పది వరకు లెక్కపెట్టండి: ఉనో, దోస్, త్రేస్, క్వాత్రో, సింకో, సేయిస్, సియేతె, ఓచో, నుయేవె, దియేస్. దో, తీన్, సాత్, ఆఠ్ అని లెక్కించే మనకు ఈ పోలిక దానంతటదే తెలుస్తుంది.

రెండవ నెల మర్యాదకు. 'బుయెనోస్ దియాస్' అంటే ఉదయపు వందనం, 'గ్రాసియాస్' అంటే కృతజ్ఞత, 'పోర్ ఫవోర్' అంటే దయచేసి, 'మె యామో' అంటే నా పేరు. ఒంటరిగా కాక ఇద్దరు ముగ్గురు కలిసి అభ్యాసం చేయండి. అన్నాచెల్లెళ్లయితే మరీ మంచిది.

మూడవ నెల పఠనానికి. స్పానిష్ బైబిలు ఫోనులో ఉచితంగా చదువుకొనవచ్చును, వినవచ్చును. మీకు కంఠస్థమైన భాగాన్ని తెలుగు ప్రక్కన పెట్టుకొని చదవండి. అర్థం ముందే తెలుసు గనుక నిఘంటువు కొరకు మాటిమాటికి ఆగనక్కరలేదు.

ముందుకు సాగదలచిన వారికి హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ డిగ్రీ చదువులున్నాయి. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలైన విద్యాలయం అది. ప్రవేశపు నియమాలు ఏటేటా ప్రకటనలో చూచుకోండి. స్పెయిన్ ప్రభుత్వపు పక్షాన 'డెలె' అనే పరీక్ష జరుగుతుంది. దానికి ఎ-1 నుండి సి-2 వరకు ఆరు మెట్లున్నాయి. ఆ పత్రానికి కాలపరిమితి లేదు.

ఒక హెచ్చరిక కూడ చెప్పాలి. "మూడు నెలల్లో స్పానిష్, ఆరవ నెలలో వీసా" అనే ప్రకటనలు నమ్మవద్దు. ఉద్యోగానికి అక్కరకు వచ్చే స్థాయికి కొన్ని వందల గంటల అభ్యాసం కావాలి. భాష తెలియక, చదవలేని కాగితం మీద సంతకం చేసి గల్ఫులో మోసపోయినవారి బాధ మన సంఘాలకు కొత్త కాదు. ఆ అప్పులు తీర్చడానికి భూములు అమ్ముకున్న ఇండ్లు మనకు తెలుసు. డబ్బు కట్టే ముందు నేర్పేవారి అర్హత అడగండి. ఏ పరీక్షకు సిద్ధపరుస్తారో కాగితం మీద వ్రాయించుకోండి.

చివరగా ఒక మాట. సముద్రాలవతలి భాష కొరకు ఆశపడే మనము పక్క గూడెం భాషను చులకన చేయరాదు. ఆదిలాబాదు గోండులు లెక్కపెడుతూ రండ్, మూండ్, నాలుంగ్ అంటారు. మన రెండు, మూడు, నాలుగుకు అవి సొంత అక్కచెల్లెళ్లు. తరతరాలుగా ఒకే అంగడిలో బేరమాడుతూ ఆ భాషలో పది మాటలు రానివారు మనలో ఎందరో. 'ఓలా' అనడం నేర్చుకున్న నోరు, అంగడిలో ఎదురైన గోండు పెద్దాయనను ఆయన మాటలోనే పలకరించడం కూడ నేర్చుకొనును గాక.